మోకు పొడవు

ఎన్నూరు లాకు తెరిచేసరికి తెల్లారింది.
గుమాస్తా ఆవులిస్తూ పుస్తకం తీశాడు.
పడవ ఎవరిదమ్మా?
నేను చుక్కాని వైపు చూశాను.
పేరు, పేరు చెప్పు.
కాలవలో ఏదో చేప ఎగిరింది, దాన్ని చూశాను.
చివరికి ఆయనే అరిచాడు, చుట్ట నోట్లోంచి తీయకుండానే:
మస్తానయ్య, తడ, సర్వికట్టెలు, నాలుగొందల మణుగులు.
తొమ్మిదేళ్లుగా రాస్తున్నదే,
నా నోట వినాలని అతనికేం సరదానో.

గాలి లేదు.
గాలి లేని రోజు ఆయన నీళ్ల మీద, నేను గట్టు మీద.
భుజానికి మోకు, కాళ్ల కింద గుల్లలు, ఉప్పు పొక్కిన మట్టి.
మా ఇద్దరికీ నడుమ ముప్పై బారల తాడు.
ఒక్క గుంజు గుంజానంటే, ఆగు, ముందర వలకట్టు ఉంది.
రెండు గుంజితే దాహం.
తాడు వదులైందా, ఆయన చుట్ట ఆరిపోయి
చుక్కాని మోకాలికి ఆనించి అగ్గిపుల్ల గీస్తున్నాడు.
ఈ పొద్దు తాడు వదలవడం లేదు, గుంజినా పలకడం లేదు.

రాత్రి గొడవ గుగ్గిలం గురించి.
అడుగు పలక కారుతోంది, గుగ్గిలం తెమ్మని డబ్బులిస్తే
పులికాటు సంతలో చాపగుడ్డ కొనుక్కొచ్చాడు,
ఇటుకరంగుది, మూడు గజాలు.
బియ్యం మూటకి చెమ్మ తగిలింది చూడమన్నాను.
పాత చాపలో చిల్లు చూడమన్నాడు.
పడవలో అలిగితే పోయేదెక్కడికి?
కట్టెల గుట్టకి ఇవతల నేను పడుకున్నాను, అవతల ఆయన.
ఎవరి దగ్గు వాళ్లు దగ్గుకున్నాం.

మధ్యాహ్నానికి తాటిమట్టలు గలగలమన్నాయి.
తర్వాత నా చీర చెంగుకి తెలిసింది.
తూర్పు నుంచి, సముద్రం వాసనతో.
ఎక్కు మే, అన్నాడు. పొద్దుటి నుంచీ అదే మొదటి మాట.
గెడ అందిస్తే పట్టుకుని ఎక్కాను.

చాప లేచింది.
నడుమ ఇటుకరంగు ముక్క, ఆయన రాత్రంతా దీపం ముందు కుట్టిన కుట్లు,
వంకరే గానీ గట్టివి.
ఇంత బరువూ తనంతట తను పోతోంది.
లాగి లాగి పొద్దంతా ఒంగిన భుజానికి
ఇప్పుడు ఏం చెయ్యాలో తోచలేదు.
చద్దిమూత తీశాను. ఉప్పుచేప, ఉల్లిపాయ.
గాలి ఉన్నప్పుడే మేం ఎదురెదురుగా కూచుని తినేది,
కొత్తగా ఉంటుంది, చుట్టాలింట్లో లాగ.

గుడ్డ ఎట్టుంది? అన్నాడు.
పలక కారతానే ఉంది, అన్నాను.
ముద్ద మింగి, చెయ్యి కాలవలో కడుక్కుని
చుక్కాని నా చేతిలో పెట్టాడు.
డబ్బా తీసుకుని నీళ్లు తోడను అడుగుకి దిగాడు.

తోడుతున్నాడు, డబ్బా తరవాత డబ్బా,
ఒంట్లో ఉన్న కోపమంతా దాంతోనే పారబోస్తున్నట్టు.
నేను చాపనే చూస్తున్నాను.
నిజం చెప్పాలంటే ఆ ఇటుకరంగునే.
అందుకే చూడలేదు, కొరుక్కుపేట వంతెన
మా తెరకొయ్యకి ఎదురుగా వచ్చేసింది.

ఏమయ్యో అన్నాను. డబ్బా చప్పుడు.
ఇదిగో నిన్నే అన్నాను. డబ్బా చప్పుడు.
అప్పుడు అరిచాను.
మస్తానయ్యా!

వంతెన మీద సైకిలాయన ఆగి చూశాడు.
చాకలి వాళ్లు బట్ట బండకెత్తి అట్టే నిలబడ్డారు.
ఆయన ఎట్ల ఎగిరొచ్చాడో, తాడు ఎట్ల విప్పాడో,
కొయ్య వాలింది, చాప మా ఇద్దరి మీదా కూలింది.
గుడ్డ కింద చీకటి. పైన వంతెన చీకటి.
నేను అరిచిన పేరు రాళ్లకు తగిలి
తడిసి, చిన్నదై, తిరిగొచ్చింది.
ఈ ఒక్క పిలుపుకి ఆయనకెన్నేళ్లు తరిగాయో అనుకున్నాను.

బేసిన్ బ్రిడ్జి దగ్గర డిపో వాడు తూచాడు.
కట్టెలు తడిగా ఉన్నాయని పదిహేను మణుగులు కొట్టేశాడు.
ఎప్పుడూ ఉన్నదే.
అందులోంచి ఆయన అర్ధరూపాయి నాకిచ్చాడు,
గుగ్గిలానికి.

రాత్రి పట్నం దీపాలు నల్లటి నీళ్లలో వేలాడుతున్నాయి.
ఖాళీ పడవ పైకి తేలి, ప్రతి చిన్న అలకీ ఊగుతోంది.
నడుమ కట్టెల గుట్ట లేదు.
మోకు చుట్టి తలకింద పెట్టుకున్నాను.
చాలాసేపటికి అన్నాడు:
మధ్యాహ్నం ఏందో అరిచావే?
వంతెన అన్నాను.
ఊఁ, అన్నాడు.
ఇంకోసారి అను.