బుగత కాలెత్తిన చోట

మొదట గ్యాస్ బండ మీద.
తర్వాత బియ్యం బస్తా మూల,
మిషను కాలు, గొడుగు,
మా ఆయన కొత్త తోలు చెప్పులు.
ఆఖరికి కుంతల ట్రంకుపెట్టె.

కడుపు ఖాళీ అయ్యేంత పోయడు.
నాలుగే చుక్కలు,
సంతకానికి సరిపడా సిరా.

పర్లాకిమిడి స్టేషను వెనక వీధిలో
ఆరేళ్ళుగా మా ఇంటికి వాడే బుగత.
పేరూ అదే.
గుమ్మంలో అడ్డంగా పడుకుని
పాలబ్బాయి దగ్గర శిస్తు వసూలు చేసేవాడు,
మొరిగి మొరిగి.
ఇంట్లో ఒక్కనాడూ కాలెత్తింది లేదు.

కుంతల నా తోడికోడలు.
రాయగడలో అద్దె కొంప ఖాళీ చేసి
భాద్రపదం వానల్లో దిగింది,
తడిసిన ట్రంకుపెట్టెతో,
పెట్టెకు అంటుకున్న ఎవరిదో పిల్లి వాసనతో.
"నాలుగు నెలలే అక్కా" అంది.

మర్నాటి నుంచి మొదలు.

మా ఆయన పేపరు చుట్టి కొట్టాడు.
కొడుతున్నంతసేపూ ఆగాడు వాడు.
కొట్టే చెయ్యి ఆఫీసుకెళ్ళగానే
తలుపు వెనక ఇంకో నాలుగు చుక్కలు.
నేను ఫినాయిలు పోసి కడిగాను.
కడిగిన చోటే మళ్ళీ, ఇంకాస్త ఎత్తున.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు మినతి పాణిగ్రాహి
ముందు సీసాలో వాడి ఉచ్చ పట్టుకు రమ్మంది.
పాత గరిటె పట్టుకుని నేను వాడి వెనక
వీధంతా తిరగడం చూసి
ఎదురింటి సాహుగారమ్మాయి ఇప్పటికీ నవ్వుతుంది.
జబ్బు లేదు, రాయి లేదు.
"కోపం కాదమ్మా, పగ కాదు.
భయం. డొరొ.
కొత్త వాసన వచ్చింది కదా,
నేనింకా ఇక్కడే ఉన్నానని
వాడికి వాడే చెప్పుకుంటున్నాడు."

కొట్టొద్దంది, భయానికి ఇంకో భయం కలుస్తుందని.
ఫినాయిలు ఘాటు కింద
పాత వాసన బతికే ఉంటుందంది.
ఎంజైము మందు రాసిచ్చింది.
వీధి కిటికీ కింది రెక్క మూసెయ్యమంది.
విత్తు తీయిద్దామంది;
మా ఆయన ముఖం తిప్పుకున్నాడు,
కోత తనకే అన్నట్టు.
"అన్నం ఆవిడ చేత్తో పెట్టించండి,
ఆ పెట్టె పక్కనే.
తిన్నచోట కాలెత్తబుద్ధి కాదు."

ఇంటికొచ్చి వాడికో గిన్నె కోసం అరలు వెతికాను.
ప్రతి స్టీలు గిన్నె అంచునా
నా పేరు, చుక్కలు చుక్కలుగా.
కుంతల దిగిన వారానికే
వీధిలో పోతున్న చెక్కేవాణ్ణి పిలిచి
అక్షరానికి రెండు రూపాయలిచ్చి
గరిటెలతో సహా చెక్కించాను.
ఆవిడ అరుగు మీద కూచుని చూసింది.
ఏమీ అనలేదు.

బుగతకి కోత అయింది.
పేరున్న గిన్నె పెట్టె పక్కకి చేరింది.
కుంతల చేపముళ్ళు తీసి కలిపి పెడుతుంది;
వాడు తింటూ తింటూ ఆవిడ వేళ్ళు వాసన చూస్తాడు.

పూర్తిగా మానలేదు.
కార్తీకంలో మేనల్లుడి బ్యాగు మీద ఒకసారి.
గ్యాస్ బండ మారినప్పుడల్లా బండ మీద.
అది ఎన్ని వంటిళ్ళు తిరిగొచ్చిందో,
అందరూ ఉంటారు దాని ఒంటి మీద.

సాయంత్రాలు పాతపట్నం రోడ్డులో తిప్పుతాను.
ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు
రాసిన రాయి దగ్గర ఆగిపోతాడు.
మునుపు గొలుసు లాగేదాన్ని.
ఇప్పుడు నిలబడతాను.
రెండు వైపుల కుక్కలూ రాసింది వాడు చదవాలి,
బదులు రాయాలి,
ఇంట్లో రాయకుండా ఉండాలంటే.

నాలుగు నెలలు ఎప్పుడో దాటాయి.
నిన్న కుంతల బజారు నుంచి కొత్త బాణలి తెచ్చింది.
"ఎవరి పేరు చెక్కించను అక్కా?"
"ఊరుకోవే," అన్నాను,
"ముందు చేప వేయించు."