ముందు గాలొస్తది

ఇరవై ఆరేండ్లాయె
సీతాఫల్‌మండి గల్లీలల్ల వాల్వులు తిప్పవట్టి.
రోజు విడిచి రోజు, తెల్లారి నాలుగున్నరకు,
ఇనుప చెయ్యి భుజాన ఏసుకొని
నూట పద్దెనిమిది ఇండ్లకు నీళ్ళిచ్చేటోన్ని.
మొన్నటి ఎండాకాలం దాక
నాకు ఈత రాదు.

చెరువు తూములు లోపలికెల్లి చూసే మనుషులు కావాలె,
పేర్లియ్యుండ్రి అని ఆఫీసుల కాగితం పెట్టిండ్రు.
అందరు చాయ్ తాగి పోయిండ్రు.
నేను సంతకం పెట్టిన.
ఎందుకంటే చెప్పలేను.
పెన్ను నా జేబుల ఉండె.

కొంపల్లి కాడ కొలను. పద్నాలుగు అడుగులు.
నీలం పెంకులు, బ్లీచింగు వాసన.
గా వాసన నాకు కొత్తది కాదు,
మా పెండ్లయిన కాడికెల్లి నా అంగీలల్ల అదే అంటది అనసూయ.

నాతోని ముగ్గురు కంప్యూటర్ పిల్లగాండ్లు.
నేర్పేది మెహనాజ్ మేడం, మా బిడ్డకన్న చిన్నది.
"ఊపిరి మాత్రం ఆపొద్దు అంకుల్,
కడమదంతా నేను చూసుకుంట."

సిలిండర్ వాల్వు తిప్పుమన్నది.
నవ్వొచ్చింది. గిది నా మణికట్టుకు తెల్వని పనా?
ఏ వాల్వునైనా ఆఖరుదాక బిగిస్తే
అలిగి కూసుంటది.

నీళ్ళల్ల మునిగినంక
మణికట్టు అంతా మరిచింది,
గుండెకాయ ఒక్కటే యాదికున్నది.
కండ్లద్దాల నిండ నీళ్ళు నింపుకోవాలెనట,
ముక్కుతోని ఊది ఎల్లగొట్టాలెనట.
మొదటిపారి కొట్టుకుంట పైకొచ్చిన.
రెండోపారి గోడ ఇడువలే.
మూడోపారి, సంతకం పెట్టిన చెయ్యిని తిట్టుకున్న.
తర్వాత ఎన్నోపారో, ఊదిన.
అద్దంల నీటి గీత
మిద్దెమీది ట్యాంకుల మట్టం దిగినట్టు
మెల్లగ దిగిపోయింది.

ఇంకో ముచ్చట.
కింద బాగున్నవా అని సైగ చేస్తే
ఫస్ట్ క్లాస్ అని బొటనవేలు లేపిన.
చెయ్యి వట్టి పైకి గుంజుకొచ్చింది.
నీళ్ళల్ల గా వేలికి "పైకి పోదాం" అని అర్థమట!
బాగున్న అన్నప్పుడల్లా బయట పడేసిండ్రు, మూడుమాట్ల.
పిల్లగాండ్లు నీళ్ళు మింగి నవ్విండ్రు.

ఆఖరి పరీక్షకు సముద్రం ఏడికెల్లి తేవాలె, హైదరాబాద్‌ల?
ఊరవతల రాయి కొట్టి ఇడిసిపెట్టిన క్వారీ ఉన్నది,
వానలు నింపిన నలభై అడుగుల పచ్చటి చీకటి.
దిగుతుంటే బండ గోడకు డ్రిల్లు గాట్లు
వేలు పట్టేటంత, వరుసగ.
గీ రాళ్ళే కదా మన మెట్లు, మన గడపలు.
అడుగున ఒక ఎర్ర చెప్పు, ఎడమకాలుది.

గప్పుడు మోగింది.
చెవుల కాదు, పండ్లల్ల.
పైకెల్లి దిగిన నల్లటి పైపు, మూతికి జాలి,
దూరంగ, నీళ్ళు గుంజుకుంటున్నది.
ఒడ్డున ట్యాంకరు నింపుతున్నరు.
చిన్న చిన్న చేపలు జాలి చుట్టు ఎదురీదుతున్నయి.
ఇన్నేండ్లు నల్లా కాడ నిలవడి చూసిన దూప,
గియ్యాల దాని గొంతుల కెల్లి చూసిన.
మెహనాజ్ నా రెక్క వట్టి ఎనకకు గుంజింది.
బాగున్నవా?
వేలికి వేలు తాకించి సున్న చుట్టిన.
యాది మర్వలే.

కార్డు వచ్చింది. నా ఫోటో, తడి జుట్టుతోని.
పేరు తప్పు: సారంగపాణి కాదు, సారంగ పానీ.
మార్పిస్తనన్నది మేడం.
ఉండనియ్యమ్మ అన్న.

తెల్లారి నా లైను.
ఆరో గల్లీ, జంగమ్మ బిందె వట్టుకొని సిద్ధం:
"పది నిమిషాలు లేటు, ఏడ మునిగినవు?"
చెప్తే నమ్మదు.
ఇనుప చెయ్యి పెట్టి తిప్పిన.
మొదట నీళ్ళు రాలే.
నల్లా దగ్గింది, బుసకొట్టింది,
పైపు పొడుగునా ఆగిన ఊపిరంతా ఇడిసింది.
"గాలే వస్తుంది!" అని ఒర్రింది జంగమ్మ.

ముందు గాలే వస్తది అక్కా.
జరసేపు ఆగు.