మాంసం మాకు, తోలు వాళ్లకి

ఒప్పందం అదే.
లుంబిస్ ఏటి రేవులో బేరమాడి వచ్చాడు:
రోజుకి ముప్పై సెంట్లు, వారానికో ఉప్పు పొట్లం,
ఒలిచాక మిగిలిన మాంసం పొయ్యికి.
ఆ పొయ్యి నాది.

పద్దెనిమిది మంది మోతగాళ్లు, నలుగురు దొరలు,
ఇనప్పెట్టెలు, దూది మూటలు, ఓ మడత మంచం.
మంచం మోసినవాడు నా తమ్ముడు.
"దీనికంటే ఆయన్ని మోస్తే తేలిక" అన్నాడు
మూడో మలుపులో, కాళ్ల జలగలు దులుపుకుంటూ.

నాచు మొదలయ్యే చోట ఆగాం.
అక్కణ్ణించి పైనంతా పోయినవాళ్ల ఇల్లు.
మా అత్త తెల్లకోడిని కోసి, గుడ్లు రాతిమీద పేర్చి
వచ్చినవాళ్ల పేర్లన్నీ కొండకి చెప్పింది.
దొరల పేర్లకి నోరు తిరక్క
"వీడు, ఇంకో వీడు, ఎర్రగడ్డం, పొట్టివాడు" అంది.
కొండకి అర్థమయ్యే ఉంటుంది.

పగలంతా తుపాకీ.
పెద్ద చప్పుడేం కాదు. చిన్న పిట్టకి చిన్న గుళ్లు,
ఎండు వెదురు కణుపు చిట్లినట్టు.
సాయంత్రానికి నా మొగుడి ముందు వరస.
రొమ్ము మీద ఒక్క గాటు పెట్టి
నీళ్లు పోయబోయే పిల్లకి చొక్కా విప్పినట్టు
తోలు తల మీదుగా తీసేవాడు.
అంత మెల్లగా మా పిల్లలకి ఎన్నడూ విప్పలేదు.
లోపల తెల్ల సబ్బు పూసేవాడు. అది విషమట,
ఆ చేత్తో అన్నం తినకూడదట.
నెలన్నర నేనే ముద్దలు కలిపి పెట్టాను,
పెళ్లైన కొత్తలో కూడా లేని ముచ్చట.

కళ్ల చోట దూది.
కాళ్లు కట్టి, కాళ్లకి చీటీ కట్టి
పడుకోబెడితే అన్నీ వెల్లకిలా,
ఎగరడం అనే పని ఎప్పుడూ విననట్టు.
నా దగ్గరికి వచ్చేవి బొటనవేలంత ముద్దలు.
అడవి అల్లం దంచి, వెదురు గొట్టంలో కూరి వండేదాన్ని.
ఏది ఏ పిట్టో
నమిలాక ఎముకని బట్టి తెలిసేది.

రాత్రుళ్లు తెల్లదుప్పటి కట్టి వెనక లాంతరు పెట్టేవాళ్లు.
నా రెండోది సుమినింగ్ దాని ముందు చేతులు చాపి నిలబడితే
రెక్కల పురుగులు దాని ఒళ్లంతా వాలేవి.
పొట్టి దొర నవ్వి, దానికో గాజుసీసా ఇచ్చాడు.
అది ఒక మిణుగురుని అందులో వేసి
మూత పెట్టకుండా పడుకుంది.

ముప్పై రెండో రోజున తువోయ్‌లని తెచ్చారు.
తువోయ్ కూశాకే మేం విత్తనం పెట్టేది.
ఈల వేసి పిలిచింది లుంబిసే.
అంత బాగా వేయగలడని నాకూ తెలియదు.
మగది వచ్చింది. దాని వెనక ఆడది.
మొత్తం పదకొండు.
ఎర్రగడ్డం చీటీ చదివి వినిపించాడు:
బోర్నియో, ఇన్ని అడుగుల ఎత్తు, కన్ను గోధుమరంగు,
పొట్టలో మూడు మేడిగింజలు, సగం పెంకుపురుగు.
కూత రాయడానికి అందులో చోటు లేదు.

ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు.
పదకొండు ముద్దల్నీ ఆకులో చుట్టి నాచు కింద పెట్టాను.
దొరలు డబ్బాచేప తిన్నారు. మేం పొద్దుటి చల్లన్నం.
కూరేదని ఎవరూ అడగలేదు.
లుంబిస్‌కి ముద్ద పెట్టబోతే మొహం తిప్పుకున్నాడు.

వాళ్లు దిగి వెళ్లాక మిగిలినవి
రెండు ఖాళీ డబ్బాలు, ఆ సీసా, కాస్త ఉప్పు,
ఆయన గోళ్ల సందుల్లో ఎంత తోమినా పోని తెలుపు.

నాలుగు నెలలకి చేను కాల్చాం.
బూడిద చల్లారింది. వాన వాసన వచ్చింది.
తువోయ్ కోసం చెవులు రిక్కించి కూచున్నాం.
ఒకరోజు. ఆరు రోజులు.
తొమ్మిదో రోజున మా అత్త వచ్చి కొడుకు ఎదుట చతికిలబడింది.
ఏమీ అనలేదు.
వేలితో తన పెదాల మీద తట్టింది, అంతే.

తెల్లారగట్ట ఆయన ఒక్కడే గట్టెక్కి ఈల వేశాడు.
మళ్లీ వేశాడు.
ఏటి వైపునుంచి గానీ పైనుంచి గానీ
ఏదీ పలకలేదు.
అయినా అందరూ గంపలెత్తుకుని వచ్చారు.
నేనూ వెళ్లాను.
కర్రలతో గుంటలు పొడిచి, నాలుగేసి గింజలు వేశాం,
మా ఆయన నోటిని నమ్మి.

ఆ ఏడు పంట బాగా పండింది.
ఎప్పటికంటే బాగా.
దాని గురించి మేం ఇంతవరకూ
ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.