జీడి మరక

కాశీబుగ్గలో మా వీధికి
తెల్లబట్ట ఆరేసే అలవాటు లేదు.
కూర్మారావు గారి ఫ్యాక్టరీ గొట్టం ఏ వైపు ఊదితే
ఆ వైపు డాబాల మీద దండేలు ఖాళీ.
పిండిగిన్నె మూత మీద కూడా సన్నని నల్లపొర.
అ ఆ లు నేను దిద్దుకున్నది
ఆ మసి మీదే, వేలితో.

మా అమ్మ దమయంతి
ఇరవైరెండేళ్లు జీడిగింజ కొట్టింది.
వేళ్లకి బూడిద పూసుకునేది, ఆముదం పూసుకునేది.
జీడి రసం ఆ రెండింటినీ దాటుకుని వెళ్లి
చర్మాన్ని పలకరించేది.
గుండుపప్పు ఢిల్లీకి,
ముక్క బేకరీకి,
తొక్క పొయ్యిలోకి,
పొగ మాకు.

ఫిట్టర్ లోకనాథం పదో తరగతి రెండుసార్లు తప్పాడు.
పాత డ్రమ్ములు మూడు ఒకదాని మీదొకటి అతికి
లోపల ఉద్దానం కొబ్బరిపీచు పొరలుగా పరిచి
పైనుంచి నీళ్లజల్లు పెట్టాడు.
పొగ ఇక ఆ వానలోంచి నడిచి రావాలి.
మొదటిరోజు పీచు ఊడిపడింది.
నాలుగోరోజు మోటారు కాలింది.
"నా డబ్బుల్తో ఆటలాడతన్నావేటిరా" అన్నారు కూర్మారావు గారు.
పదకొండోరోజు పొద్దున్న గొట్టం మీద
కాగే పాలమీది ఆవిరిలా
తెల్లగా, కొంచెం సిగ్గుగా.
వీధి వీధంతా డాబాలెక్కి చూసింది.
పక్కింటి చినబుజ్జమ్మ గారు
పెట్టె అడుగునుంచి తెల్లచీర తీసి ఆరేశారు,
అది తడిసింది లేకపోయినా.

పప్పు కొనే కంపెనీ మనుషులు వచ్చారు,
మెడలో కార్డులు, చేతిలో గళ్ల కాగితాలు.
ప్రతి గడిలోనూ టిక్కు పెట్టారు.
డ్రమ్ముల పక్కన నిలబడి ఫొటో దిగారు.
ఫొటో లోకనాథం తీశాడు.

పొగ పోయింది సరే,
నలుపు ఎక్కడికి పోయింది?
అడిగింది మా అమ్మే.
చదువు లేదు గానీ, లెక్క తేలకపోతే ఆవిడకి నిద్రపట్టదు.
వెనకగోడ చుట్టూ తిరిగి
కాలవలో నల్లనీళ్లు చూసి వచ్చింది.
"గాల్లోది తీసి నీట్లో ఎట్టీసినారు.
ఊడ్సిన సెత్త సాప కింద తోసినట్టుంది.
ఉద్దానపోళ్లు ఇప్పటికే
గ్లాసెత్తితే బయపడతన్నారు గదా,
మళ్లా మనం కూడానా?"

ఆ మాట కొట్టే షెడ్డులో బల్లబల్లకీ నడిచింది.
అన్నాల గంట అయ్యాక
ఎనభైమంది ఆడవాళ్లు పని ఎత్తుకోలేదు.
నినాదాలు లేవు. జెండా లేదు.
సుత్తులు ఒళ్లో పెట్టుకుని
ఊరికే కూర్చున్నారు.
అంత నిశ్శబ్దం ఆ రేకుల కప్పు ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు మూడు తొట్లు.
నీళ్లు తేరుకుని మళ్లీ జల్లులోకే పోతాయి.
అడుగు మడ్డిని ఎండబెట్టి తొక్కపిండిలో కలిపి
ఇటుకలు పోసి బాయిలరుకి తినిపిస్తారు.
తొక్కనూనె కోసం రంగుల కంపెనీ లారీ వస్తుంది.
"ఇక్కడ వృథా అన్నది లేదు" అని గేటు మీద బోర్డు.

బోర్డు అబద్ధం కాదు.
కానీ అదే లారీలో, ఇంకో రోజు,
గింజ కోసే యంత్రాలు కూడా దిగాయి.
ఎనభైలో ముప్పైనాలుగుమందికి
రేపట్నుంచి రావద్దన్నారు.
ఆ ముప్పైనాలుగు ఏ తొట్టిలో తేరుకుంటారో
బోర్డు మీద రాయలేదు.

అమ్మకి పని మిగిలింది, పప్పు ఏరే బల్ల దగ్గర.
గేటు దగ్గర కొత్తగా వేలిముద్ర యంత్రం పెట్టారు.
రోజూ బొటనవేలు ఆనిస్తుంది.
ఇరవైరెండేళ్ల జీడి
ఆ గీతల్ని ఎప్పుడో తినేసింది.
"మళ్లీ ప్రయత్నించండి" అంటుంది యంత్రం, మర్యాదగానే.
కొంగుకి వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది.
మళ్లీ ప్రయత్నించండి.
వెనక వరస పెరుగుతోంది.
పైన గొట్టం తెల్లగా ఊపిరి వదులుతోంది.
స్క్రూడ్రైవరు పట్టుకుని లోకనాథం వస్తున్నాడు,
"ఆగత్తా,
నీ ఏలు కాదు, దీన్ని మార్సాల" అంటూ.