ఫారంలో లేని గడి

ఫారంలో రెండే గళ్ళున్నాయి:
శత్రుచర్య, ప్రకృతి వైపరీత్యం.
బల్లకి అవతల మోత్రియా ముసలమ్మ
రబ్బరు బూట్లు విప్పకుండానే కూర్చుని
ఏ గడిలో టిక్కు పెడతానా అని
నా పెన్ను వైపే చూస్తోంది.

"రాసుకో" అంది.
నేలమాళిగలో బంగాళాదుంపలు ఆరు బస్తాలు,
ఊరవేసిన బీట్‌రూటు నలభై సీసాలు,
మొగుడు చేసిన ఓక్ పీపా ఒకటి,
మేక ఒకటి. కాదు, మేక బతికింది, కొట్టెయ్,
అటకెక్కించి ముప్ఫైనాలుగు రోజులు అక్కడే మేపాను.
ఏప్రిల్లో మాళిగ తలుపు తీస్తే
సీసాల మధ్య ఓ చేప తిరుగుతోందట.
"దానికీ ఇంటిపన్ను వెయ్యండి" అని నవ్వింది.
నేను తలెత్తకుండా రాస్తున్నాను.

ఆ ఫిబ్రవరి రాత్రి
ఉత్తరాన్నుంచి దిగిన ట్యాంకుల బారు
మా వంతెనకి పన్నెండు కిలోమీటర్లలో ఉంది.
వంతెన దాటితే తారురోడ్డు,
రోడ్డు చివర కీవ్.
వాళ్ళ పటంలో మా నది
దూడ కూడా దాటగల సన్నటి గీత.
మా దగ్గర పటం కూడా లేదు,
ఒక ఫోను మోగింది.
ఎవరో కర్నలట, పేరు చెప్పలేదు.
"తూములెత్తు."
"ఎన్ని?"
"అన్నీ."
"కాగితం?"
ఫోను పెట్టేశాడు.
అలా కీవ్ కోసం మా ఊరికి నీళ్ళొదిలేశారు.

తెల్లారేసరికి పచ్చికబయలు కనబడలేదు.
మొదటి ట్యాంకు పొట్టదాకా బురదలో దిగింది,
రెండోది దాన్ని లాగబోయి దిగింది,
మూడోది ఆ రెంటినీ.
మూడు రోజుల్లో ముగించేస్తామని
కవాతు బట్టలు ఇస్త్రీ చేసి తెచ్చుకున్న సైన్యం
నడుములోతు నీళ్ళ ముందు నిలబడిపోయింది.
ఇప్పుడా యుక్తిని సైనిక కళాశాలలో
నీలిరంగు పూసి, బాణాలు గీసి చెబుతున్నారు.
ఆ నీలం కింద మేమున్నాం.
పాఠంలో ఊరికి పేరు లేదు, ఎత్తు ఉంది:
నూటమూడు మీటర్లు.

సరిహద్దు అవతల
ఆ బారు నడిపిన జనరల్‌ని
ఒంట్లో బాగాలేదని ఇంటికి పంపారు.
ఆయన ఒంట్లో బాగానే ఉందని మాట్లాడిన వాణ్ణి
ఎక్కడికి పంపారో తెలీదు.
ఇక్కడ పతకాలిచ్చారు.
తూములెత్తించింది నేనంటే నేనని
ముగ్గురు చెప్పుకున్నారు.
తర్వాత పరిహారం మాటొచ్చింది,
లెక్క తడిసి మోపెడైంది,
అప్పుడిక ఎవరూ ఎత్తించలేదు.
విచారణ సంఘం ముందు మంత్రి
నీళ్ళు నమిలాడు. మా నీళ్ళే.
ఆర్డరు కాపీ చూపించమంది ప్రతిపక్షం,
చూపించరని తెలిసే అడిగింది.
యుద్ధం అయ్యేదాకా ఎన్నికలు లేవు గనక
ఆ సాయంత్రం ఎవరూ ఓడిపోలేదు.

మోత్రియా గొంతు తగ్గించింది:
"మీ నాన్న ఎలా ఉన్నాడు?"

లుకియాన్. మూడో తూము కాపలాదారు.
ఆ రాత్రి చక్రం తిప్పి
సైకిలేసుకుని ఊరంతా తలుపులు బాదాడు.
చివరి వీధికి
ఆయనకంటే ముందు నీళ్ళు చేరాయి.
ఇప్పటికీ నిద్రలో ఆయన చేతులు
దుప్పటి మీద గుండ్రంగా తిరుగుతుంటాయి,
తెరిచే వైపు కాదు,
మూసే వైపు.

చివరి వీధిలో చివరి ఇల్లు మోత్రియాది.

"బాగానే ఉన్నాడు" అన్నాను.
"అడిగుంటే ఒప్పుకునేదాన్నే" అంది.
కాసేపాగి,
"తిట్టి ఒప్పుకునేదాన్ని."

స్కేలు పెట్టి మూడో గడి గీశాను.
దాని పక్కన ఏం రాయాలో
ఇద్దరికీ తోచలేదు.
అలాగే ముద్ర వేసి పంపుతాను,
"అసంపూర్ణం" అని తిరిగొస్తుంది,
ఇప్పటికి రెండుసార్లు వచ్చింది.

వెళ్తూ వెళ్తూ ఆమె
మెట్ల కమ్మికి కట్టిన మేకని విప్పింది.
అది చివరి మెట్టు మీద ఆగి
ముందుకాలు ఒకటి గాల్లోకి చాపి
కింద ఎంత లోతుందో చూసుకుని
అప్పుడు దిగింది.