కదలనంటోంది

జ్ఞానాపురంలో మా షెడ్డు రేకుల మీద
ఒకరోజు ఎర్ర దుమ్ము, ఒకరోజు నల్ల దుమ్ము.
ఓడలోకి ఖనిజం ఎత్తిన రోజు ఒక రంగు,
బొగ్గు దించిన రోజు ఇంకో రంగు.
ఆరేసిన చీర చూసి అమ్మ చెప్పేసేది
ఇవాళ హార్బర్లో ఏ ఓడ ఉందో.

అవుటర్ హార్బరు కట్టిన కొత్తలో
ఆ షెడ్డులోకి రెండు ఎడ్లు
రోల్స్ రాయిస్‌ని లాక్కొచ్చాయి.
మాంగనీసు శెట్టి గారి బండి.
కాన్వెంట్ జంక్షన్ నించీ వెనకాల పిల్లలం,
మేళం లేని ఊరేగింపు.
మూతి మీద రెక్కల అమ్మాయి
ఎడ్ల తోకల్ని చూస్తూ ముందుకి వంగి ఉంది.

"చెడిపోయిందా?" అన్నాడు నాన్న.
గుమస్తా ఈశ్వరయ్య నాలిక కరుచుకున్నాడు:
"ఆ మాట అనకూడదు నూకయ్యా.
ఈ బండి చెడిపోదు.
కదలనంటోంది, అంతే.
కంపెనీ వాళ్ల భాష అది."

నాన్న లుంగీ ఎగ్గట్టి బానెట్ ఎత్తాడు.
చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు.
గుమస్తా మాత్రం స్థలపురాణం ఎత్తుకున్నాడు.
ఇద్దరట. ఒకడు గొప్పింటి బిడ్డ, కార్లు అమ్మేవాడు,
విమానం విరిగి చచ్చిపోయాడు.
ఇంకొకడు చిన్నప్పుడు పేపర్లు అమ్మిన కుర్రాడు,
పెద్దయ్యాక కొన్న కారు నచ్చక
తనే ఇంకోటి కట్టాడు.
నాన్న అక్కడ తలెత్తాడు.
"పేపర్లమ్మినోడా?"
"అవును."
"అయితే పర్లేదు, మనోడే"
అని స్పానర్ అందుకున్నాడు.

రాజులు కొన్నారట, ఏనుగుల సాలలో కట్టేశారట,
కోపమొచ్చి ఒకాయన చెత్త ఎత్తించాడట.
నిజమో కాదో గుమస్తాకీ తెలీదు, చెప్పడం మానడు.
శెట్టి గారు మాంగనీసు ధర లేచిన ఏడాది కొన్నారు,
ధర పడ్డాకా అమ్మలేదు.
పెట్రోలు లేకపోయినా గుమ్మం ముందు నిలబెడితే
అప్పు పుట్టేదట.

రేడియేటర్ మీద రెండక్షరాలు, ఒకదాన్నొకటి వాటేసుకుని.
మొదట్లో ఎర్రగా ఉండేవట, తర్వాత నల్లగా మార్చారట.
పోయినాయన కోసమని కొందరు,
అబ్బే, బాడీ రంగుకి నప్పలేదని కొందరు.
నాన్న బొటనవేలితో తుడిచాడు.
ఒక పొర నలుపు లేచింది, కింద ఎరుపు లేచింది.
"మన పోర్టుదీ ఇదే కంపెనీయేటి?" అని నవ్వాడు.

పదకొండు రోజులు.
తోలు సీట్లు వానకి గేదె దూడ వాసనేసేవి.
డాష్ చెక్క మీద చెదలు ఏదో ఊరి మ్యాపు గీసింది.
ఇంజన్లో తప్పేమీ లేదు,
ఉప్పుగాలి తీగల్ని లోపల్నించి తినేసింది.
అంత పేరున్న బండినీ, చేపలరేవులో మరబోటునీ
అది ఒకే పళ్ళతో తింటుంది.
దొరకని ముక్క ఒకటి
గరికిన దానయ్య బోటు పంపులోంచి తెచ్చి
అరగదీసి పెట్టాడు నాన్న.

పన్నెండోనాడు బండి లేచింది.
లేచిందని తెలీక
నాన్న మళ్ళీ హ్యాండిల్ తిప్పబోయాడు.
బానెట్ మీద గ్లాసులో టీ వణకలేదు.
నేను చూసిన గొప్పతనం అంతే. మిగతాదంతా విన్నదే.

శెట్టి గారి మనవలు దాన్ని అమ్మేశారు.
భీమిలి రోడ్డులో పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారనీ
బొంబాయిలో ఎవరి దగ్గరో ఉందనీ రెండు కబుర్లు.
ఆ బోటు ముక్క ఇంకా లోపలే ఉందో,
అసలుది తెప్పించి అవతల పారేశారో.

నిరుడు నాన్న కుడిచెయ్యి పడిపోయింది.
కేజీహెచ్ వరండాలో కుర్ర డాక్టరు
మెత్తగానే అడిగాడు:
"ఈ చెయ్యి పనిచెయ్యడం లేదా?"
వంకరపోయిన మూతితో నాలిక కరుచుకోబోయి,
కుదరక,
"అలగనకూడదు బావూ...
కదల్నంతంది. అంతే."

డాక్టరు నా వైపు చూశాడు.
"కంపెనీ భాష" అన్నాను.