మూడో మేకు

అటక మీద నూటపాతిక డిగ్రీలు.
మోకాళ్ళ మీద పాకుతున్నాను,
నోట్లో టార్చి, చేతిలో టేపు,
మెడకంటుకున్న గులాబీ రంగు దూది దురద.
కింద నుంచి హ్వాన్ గారు అడుగుతున్నారు,
"కనబడిందా? కనబడిందా?"
పోయిన వస్తువేదో వెతికిపెడుతున్నట్టు.

కనబడింది.
కప్పు దూలాన్ని గోడకి అంటిపెట్టిన ఇనప పట్టీ.
దానికి రెండు మేకులు.
మూడు ఉండాలి.
రెండుంటే పట్టీ లేనట్టే లెక్క,
కాగితం అలా అంటుంది.
గాలి ఏమంటుందో కాగితం అడగలేదు.

బిలాక్సీలో ఈ ఇంటికి సముద్రం మూడు సందుల దూరం.
పక్క స్థలంలో ఇల్లు లేదు, మెట్లున్నాయి.
నాలుగు సిమెంటు మెట్లు, ఎక్కితే ఆకాశం.
ఇన్నేళ్ళుగా వాటి మీద పిల్లులే కూర్చుంటున్నాయి.
ఈయన షెడ్డులో కిటికీలకి కొట్టే చెక్క పలకలు,
వాటి మీద రంగుతో వచ్చిపోయిన తుఫానుల పేర్లు.
చుట్టాల పేర్లలా ఉన్నాయి.
చెక్కకి తగ్గింపు రాదని ముందే చెప్పేశాను.

దిగొచ్చి మేకుల సంగతీ చెప్పాను.
వల అల్లే వేళ్ళు ఆగలేదు.
"రెండింటితోనే పదిహేడేళ్ళు నిలబడింది."
"నిలబడింది, నిజమే."
"నువ్వు మూడని రాస్తే?"
పెన్నుకి మూత పెట్టాను.
ఆయన నవ్వి, ఫ్రీజరు తెరిచి
రొయ్యల సంచీ ఒకటి బల్ల మీద పెట్టారు.
మంచు పొగ లేచింది.
ఇద్దరం దాన్నే చూస్తూ కాసేపు కూర్చున్నాం.
సంచీ తిరిగి లోపలికి వెళ్ళింది.
ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

మా అమ్మమ్మది నాగాయలంక దగ్గర.
ఉప్పెన రాత్రి కొంగుతో తాడిచెట్టుకి కట్టేసుకుందట.
తెల్లారి ఎవరో విప్పబోతే రాక, కత్తితో కోశారట.
ఎన్ని ముళ్ళు వేసిందో లెక్కపెట్టినవాళ్ళు లేరు.
"మెడలో మూడు ముళ్ళూ మీ తాతయ్య వేశాడు,
పట్టుకున్నవి మాత్రం నే వేసినవే"
అనేది, వక్క నములుతూ.

"మేకు ఖరీదెంత?" అన్నారు హ్వాన్ గారు.
డబ్బా పన్నెండు డాలర్లు.
"మూడోది కొడితే?"
"ప్రీమియంలో ఏడాదికి ఆరువందల దాకా తగ్గొచ్చు."
అప్పుడాగాయి వేళ్ళు.
పెదవులు కదిలాయి, డీజిల్‌లోకి మార్చుకుంటున్నారు.
"పడవ రెండుసార్లు పోయొస్తుంది."

నేను కొట్టకూడదు.
చూడ్డానికొచ్చినవాళ్ళు చెయ్యి పెట్టకూడదు.
టార్చి పట్టుకోకూడదని ఎక్కడా రాసిలేదు.

డెబ్బై రెండేళ్ళ మనిషి నా ముందు పాకుతూ.
సుత్తి ఎత్తే చోటు లేదు, జానెడు ఊపు.
టక్.
దెబ్బకో మాట వాళ్ళ భాషలో,
తిట్టో, దండకమో.
మొత్తం ఎనభై నాలుగు పట్టీలు.
ఆ సాయంత్రానికి పంతొమ్మిది.
మిగతావి ఆదివారం అల్లుడొచ్చి కొడతాడన్నారు.

మంగళవారం వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి.
అల్లుడు రాలేదట.
బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది, నేనడగలేదు.
మళ్ళీ ఇద్దరం పైకి.
ఒక్కో పట్టీనీ వేలితో లాగి చూశారు,
అప్పుడే వేసిన వల ముడిని చూసినట్టు,
చెవి దగ్గరగా పెట్టి.

"ఇప్పుడు తియ్యి."

తీశాను.
టేపు, పట్టీ, మూడు మేకుల తలలు,
మూడోది ఇంకా మెరుస్తూ.
ఫోటో అంచున ఆయన చెయ్యి పడింది.
చెయ్యి పడితే చెల్లదు.
మళ్ళీ తీశాను.

రెండోది కంపెనీకి వెళ్ళింది.
మొదటిది నా దగ్గరుంది.